పనస చెట్టు హద్దు

పాప నిద్రపోయింది. కుట్టిన చెవులు వాచాయేమోనని ఇప్పటికి మూడుసార్లు తడిమి చూశాను. పొద్దున కంసాలి తీగ పట్టుకునేసరికి అది మేనమామ ఒడిలో గింజుకుని ఆయన బొటనవేలు కొరికేసింది. అన్నయ్య వేలు లాక్కోలేదు. ఆ ఒడి నా బిడ్డకు దక్కుతుందో లేదోనని నిరుడు నేను పడిన భయం ఇంతా అంతా కాదు.

నాన్న పోకముందే సంతబొమ్మాళి వైపున్న కొబ్బరితోటను రెండు ముక్కలు చేశారు. పడమటిది అన్నయ్యకు, తూర్పుది నాకు. టెక్కలిలో దానపత్రాలు రాసి రిజిస్టరు చేయించారు. రెండు ముక్కల మధ్య హద్దు పనస చెట్టు. రాళ్లు పాతించమని దస్తావేజు రాసే ఆయన చెప్పినా నాన్న వినలేదు.

"రాయైతే రాత్రికి రాత్రి జరుగుతాది. సెట్టు జరగదు బాబూ" అన్నారు.

చెట్టు జరగలేదు గానీ తుఫానుకి పడిపోయింది. మొద్దు కూడా మిషనుతో పీకించి, ఆ చుట్టుపక్కలంతా అన్నయ్య కొత్త మొక్కలు నాటాడు. నిరుడు అన్నయ్య ముళ్లతీగ కట్టించాడు. బావి అన్నయ్య వైపు వెళ్లిపోయింది. నాకు గుర్తున్నంతలో బావి నా ముక్కలోది. పలాస నుంచి వెళ్లి అడిగాను.

"కాలేజీ సదువు సదివినావు కదమ్మా, కాయితం సూసుకో. కాయితంలో సెట్టుంది. ఆ సెట్టేదీ?" అన్నాడు.

ప్లీడరుని కలిశాను. దానపత్రానికి ఢోకా లేదన్నారు, హద్దు మాత్రం కోర్టులో రుజువు చేసుకోవాలన్నారు. వకాల్తా కాగితం ఇంటికి తెచ్చుకున్నాను, సంతకం పెట్టలేకపోయాను. పెడితే బావి వస్తుందేమో, అన్నయ్య గుమ్మం మూసుకుపోతుంది. పెట్టకపోతే నాన్న ఇచ్చింది నా చేతులారా వదులుకున్నట్టు. నెల రోజులు అన్నం సయించలేదు.

ఏదో ఒకటి తేల్చుకునే ముందు చివరిసారి చూసి వద్దామని పాపని చంకనేసుకుని తోటకి వెళ్లాను. వదిన బావి దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. అన్నయ్య మొక్కలకి పాదులు చేస్తున్నాడు, నన్ను చూసి ఇంకో మొక్క దగ్గరికి జరిగాడు. వదిన చేతులు తుడుచుకుని పాపని అందుకుంది. కాసేపు దాన్ని ఆడించి, నాతో మెల్లగా అంది.

"మా పెద్దదాని ఉయ్యాల ఆ పనసకే కట్టీదాన్ని. అది ఏడిస్తే ఈ బావి కాడి నుంచి పరిగెట్టీదాన్ని. ఇరవై రెండంగలు. నన్నెవులూ అడగనేదు కదా."

నిజమే. నేనూ అన్నయ్యా కాగితాలు చదువుకున్నాం, ఆమెను అడగాలని ఇద్దరికీ తోచలేదు.

పాపని చంకలో ఉంచుకునే వదిన పడమటికి నడిచింది. పైకే లెక్కపెట్టింది. బావీ తీగా తూర్పునే ఉండిపోయాయి. అన్నయ్య నాటిన మొక్కల వరసలోకి వెళ్లి నిలబడింది.

"ఇక్కడ తవ్వు మావా" అంది.

అన్నయ్య చేతిలో పార పక్కన పెట్టాడు. తర్వాత గునపం తెచ్చాడు. మోకాటి లోతులో వేరు తగిలింది. గీకితే పసుపుపచ్చగా ఉంది, పనసది కాక మరొకటి కాదు. అన్నయ్య గునపం ఆనుకుని, మట్టిలోకే చూస్తూ "సెట్టు ఏరే సోట ఉండీదనుకున్నానమ్మా, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట వదిన ముందు, నా ముందు అనడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

తర్వాత సర్వేయరు వచ్చి రాళ్లు పాతాడు. సవరణ దస్తావేజులో బావి నా ముక్కలోనే రాయించాం, నీళ్లు ఇద్దరివీ అని కూడా నేనే రాయించాను. తన ఇంటికి నష్టమని తెలిసే ఆ ఇరవై రెండంగలు వేసిన మనిషి బిందె పట్టుకుని నన్ను అడగాల్సి రాకూడదు.

ఇందాక అన్నయ్య ఫోన్ చేశాడు, పాపకి ఒళ్లు కాలుతోందా అని. లేదని చెప్పి వేలు ఎలా ఉందని అడిగాను. వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "ఏలికేటి గానీ, సెవులకి కొబ్బరినూనె రాయమను."

రాశాను. ఆ తోట కాయల నూనే.