పేరు ముందు గడి

మా నాన్నంటే నాకు చచ్చేంత భయం. ఆ తర్వాత భయం కంప్యూటరంటే. ఆ రెండూ ఒకే రోజు ఒకే గదిలో ఎదురవుతాయని కలలో కూడా అనుకోలేదు.

తొంభైల చివర్లో చోడవరంలో చక్కెర ఫ్యాక్టరీవాళ్ల చెరకు ఆఫీసులో కొత్తగా చేరాను. రైతుల వివరాలు ఎక్కించడానికి ఫాక్స్‌ప్రో అనే ప్రోగ్రాములో తెర తయారుచేయడం నా పని. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు రెండోసారి కొడితే కంప్యూటరు ఒప్పుకునేది కాదు. మా వైపేమో అన్నదమ్ములిద్దరికీ తాత పేరే పెట్టి, ఒకడిని పెద, ఇంకొకడిని చిన అంటారు. అందుకని పేరు ముందు ఒక చిన్న గడి చేర్చాను. పెద, చిన, అదే పేరుతో అన్నో తమ్ముడో లేకపోతే ఒకడే అని నింపాలి. ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. ఆఫీసరు మెచ్చుకున్నారు. నాకే భయం పట్టుకుంది. మా నాన్న 'చిన' మరి.

పొలం గట్టు దగ్గర పెదనాన్నతో తగాదా పడ్డ నాటినుంచి నాన్న ఆ 'చిన' వదిలేశాడు. ఎవరైనా నోరుజారి అంటే అరికాలి మంట నెత్తికెక్కేది. కానీ ఫ్యాక్టరీ పర్మిట్టు రాయించుకోనిదే చెరకు కొట్టకూడదు, ఆలస్యమైతే తోటలోనే ఎండిపోతుంది. రాక తప్పదు.

వచ్చాడు. కంప్యూటరు గదిలోకి ఎవరైనా చెప్పులు విడిచే రావాలి. విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు. కర్సరు ఆ గడిలో ఆగి మిణుకుమంటోంది.

"ఏటాగిపోనావు?"

"పెదా, సినా అని అడుగుతంది నాన్నా."

"ఎవులడుగుతన్నారు?"

"కంప్యూటరు." నేనే పెట్టానని చెప్పే ధైర్యం ఎక్కడిది!

నాన్న తెరనే చూస్తున్నాడు. లేచి వెళ్లిపోతే ఈ ఏడు చెరకు పొయ్యిలోకే.

"ఆడేటని ఏయించుకున్నాడు?"

పెదనాన్న పొద్దున్నే వచ్చి వెళ్లాడు. ఆ సంగతి చెప్పాలా వద్దా అని అప్పటినుంచీ తేల్చుకోలేకపోతున్నాను.

"పెద అని. సిన్నోడొస్తాడు, ఆడి పనికి అడ్డం రాకూడదు, సరిగ్గా ఎయ్యమ్మా అన్నాడు."

ఇక అరుస్తాడని భుజాలు ముడుచుకుని కూర్చున్నాను. అరవలేదు.

"సిన అనే ఎయ్యి."

చిన అని కొట్టి ఎంటర్ నొక్కాను. నాన్న గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, ఇటు చూడకుండానే అడిగాడు.

"ఆడి సెరుకు బళ్లు ఏ రోజంట? నాయీ ఆ రోజే ఏయమను."

బళ్లు తోలే తారీకు గడి నింపేది ఆఫీసరే, నేను ముట్టుకోకూడదు. ఆయన గుమ్మం తొక్కాలంటేనే నాకు భయం. భయపడుతూనే వెళ్లి అడిగాను.