పాయింట్లు తినే బండి

మా ఉస్తాద్ మొన్న శుక్రవారం పోయారు. కబురు తెచ్చిన టాంగా అతను "నీకు తెల్వదా అన్నా? జనాజా గూడ లేచింది" అన్నాడు. షాలిబండ దాకా పరుగెత్తాను, శవయాత్ర అందలేదు. దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన మోటారు మెకానిక్. నాకు చుట్టం కాదు, నేను ఆయన కింద పనిచేసినవాణ్ణీ కాదు. అయినా ఈ పాతబస్తీలో తలెత్తుకుని తిరుగుతున్నానంటే ఆయన చలవే.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నేనొక ముత్యాల సేఠ్ దగ్గర డ్రైవరుని. ఆయన బండి నడిబజారులో ఉన్నట్టుండి ఆగిపోయేది. చూస్తే ఎప్పుడూ ఒకటే రోగం: ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగిపోయి ఉండేవి. ఏడాది రావలసినవి నెల తిరక్కుండా పోయేవి. ఇద్దరు మెకానిక్కులు వైర్లన్నీ మార్చారు, లాభం లేదు. చివరికి సేఠ్ గుమాస్తా అననే అన్నాడు: "కొత్తయి అమ్ముకుని పాతయి బిగిస్తుండు." సేఠ్ నా మొహం చూడకుండానే, "ఉస్తాద్‌కు చూపియ్యి. బండిల ఏం లేదంటె తాళం ఇచ్చి పో" అన్నాడు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఉస్తాద్‌ది వేరే పద్ధతి. ముందు చాయ్ సాసర్‌లో పోసుకుని నిమ్మళంగా తాగారు. అది అయ్యేదాకా బండి వైపు చూస్తే ఒట్టు! తర్వాత పాయింట్లు ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇవి కాలలే, అరిగినయి. పొద్దుగాల లేచి బండికి ఏమేం జేస్తవో గదంత నా ముంగట జెయ్యి."

"నేనే దొంగనని శక్కా ఉస్తాద్?" నాకు మండిపోయింది.

"ఫికర్ జెయ్యకు, జెయ్యి. బండి చెప్పనిది నడిపెటోని చేతులు చెప్తయి."

చేశాను. అద్దాలు తుడిచాను, దీపాలు తళతళలాడించాను. బండి లోపల కూడా అద్దంలా ఉండాలని నా పట్టుదల. పాయింట్ల మీది మూత తీసి, మధ్యలో తిరిగే కడ్డీకి అంటిన గ్రీజునంతా మెత్తటి గుడ్డతో తుడిచేశాను.

"బస్," అన్నారు ఉస్తాద్.

పాయింటుకు చిన్న కాలుంటుంది. అది ఆ కడ్డీకి రాసుకుంటూ పనిచేస్తుంది. ఆ కాస్త జిడ్డు లేకపోతే కాలు ఇట్టే అరుగుతుంది, పాయింట్లు తెరుచుకోవు, రవ్వ పుట్టదు. అంటే రోజూ పొద్దున్నే బండి ప్రాణం తీస్తున్నది నేనే! సిగ్గుతో చచ్చిపోయాను.

"సేఠ్‌కు చెప్పకు ఉస్తాద్, నీ కాళ్ళు మొక్కుత."

"చెప్పకుంటె దొంగ అన్న మాట నీ మీదనే ఉంటది బేటా," అని ఆయనే వచ్చి బండెక్కారు.

"సేఠ్ సాబ్, పాయింట్లు తిన్నది మీ డ్రైవరే," అన్నారు వెళ్ళగానే. నేను జేబులోంచి బండి తాళం తీశాను. "సాఫ్ ఉండాలెనని రోజూ గ్రీజు తుడుస్తుండు. దొంగోడు మీ బండికి గింత సేవ జేస్తడా?"

సేఠ్ ఒకసారి గుమాస్తా వైపు చూసి, పకపకా నవ్వాడు. నాకు ఊపిరొచ్చింది. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, దాచుకోలేదు.

తర్వాత నేనూ మెకానిక్కునయ్యాను. యుద్ధంలో సామాను దొరకని రోజుల్లో నా దగ్గరికొచ్చిన డ్రైవర్లకు ముందు చాయ్ పోసి, వాళ్ళ చేతులు చూసేవాణ్ణి. మా ఇంటి పొయ్యి వెలుగుతున్నది ఆ ఒక్క పాఠంతోనే.

ఆనాడు మాత్రం ఉస్తాద్ సేఠ్ ముందే కడ్డీకి బియ్యపుగింజంత గ్రీజు పెట్టి, వేలికి మిగిలింది నా తెల్లకోటు చేతికి రాసేశారు. "దీన్ని గూడ తుడువకు!"

మరునాడు ఆ మరకతోనే బండి తీశాను. సేఠ్ వెనక కూర్చుని పత్రిక విప్పుకున్నాడు. బండి ఎక్కడా ఆగకుండా పత్తర్‌గట్టీ దాటి, వంతెన దాటి అఫ్జల్‌గంజ్ చేరేదాకా ఆయన తలెత్తలేదు.