పిడికెడు మందు

విమలకుమారికి అమెరికాలో రెండు భయాలుండేవి. ఒకటి పెద్ద రోడ్డు మీద కారు నడపడం. రెండోది కళ్లజోడు. మొదటిది ఊరందరికీ తెలుసు. రెండోది ఆమెకూ అద్దానికీ తప్ప ఎవరికీ తెలియదు. నలభై మూడేళ్లకే ముక్కు మీద జోడు ఎక్కితే ముసలమ్మల లెక్కలో వేసేస్తారని, సీసాల మీది చిన్న అక్షరాలను చేయి చాచి దూరంగా పట్టుకుని చదివేది. మూడో భయం ఒకటి రాబోతోందనీ, అది తన చేతులతోనే తయారవుతుందనీ 1983 నవంబరు దాకా ఆమెకు తెలియదు.

నరసాపురం మిషన్ ఆసుపత్రిలో ఆమె పదకొండేళ్లు కాంపౌండరుగా పనిచేసింది. గ్రాములు వచ్చి ఎన్నాళ్లయినా అక్కడి పెద్ద డాక్టరుగారు పాత గ్రెయిన్ తూకాన్ని వదల్లేదు. వడ్లగింజలో పదో వంతు బరువు తేడా వచ్చినా పొట్లం విప్పించి మళ్లీ తూయించేవాడు. అలా ఆ చేతికి తూకం పట్టుబడింది. అమెరికా వచ్చి క్యారీ అనే ఊళ్లో కాపురం పెట్టాక, పక్కనే ఉన్న రాలీలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో మాత్రలు లెక్కపెట్టి సీసాల్లో పోసే ఉద్యోగం దొరికింది గాని, ఆ చేతికి తగిన పని దొరకలేదు. దొరికింది చివరికి ఇంటి గ్యారేజీలో.

ఆమె భర్త సామ్యూల్ ఒక మందుల కంపెనీలో మిషన్లు బాగుచేసేవాడు. ఊళ్లో ఉండగా కొక్కిరాయిని కూడా కొట్టి ఎరగని మనిషి. ఇక్కడి తోటి పనివాళ్ల సావాసంతో వేటలో పడ్డాడు. రిటైరవుతున్న ఒకాయన దగ్గర పెద్ద జంతువులను కొట్టే రైఫిల్ కొన్నాడు. థర్టీఫైవ్ వీలెన్ దాని బోరు పేరు. తీరా కొన్నాక తెలిసిందేమిటంటే, ఆ బోరుకి తూటాలు ఏ షాపులోనూ అమ్మరు. ఎవరివి వాళ్లు ఇంట్లో చేసుకోవాల్సిందే. ఏనుగును కొన్నవాడు అంకుశం కోసం తిరిగినట్టు సామ్యూల్ తిరిగి, బెంచీకి బిగించే ప్రెస్సూ, త్రాసూ, తక్కిన సరంజామా అంతా తెచ్చుకున్నాడు.

ఒక శనివారం విమల కాఫీ తీసుకుని గ్యారేజీలోకి వెళ్లి, ఆయన తూకం వేసే తీరు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏవండీ, ముల్లు ఇంకా ఊగుతుంటేనే తీసేస్తున్నారేంటి?"

"కాస్త అటూ ఇటూ అయితే ఏమవుద్దిలే."

"కాస్త అటూ ఇటూ అయితే ఏమవుద్దో మా డాక్టరుగారిని అడగాల్సింది. ఇవి గ్రెయిన్లేగా? లెగండి, నేను చూస్తా."

ఆయన లేచాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఒకసారి పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను సాపు చేసి, అడుగున నిప్పు బిళ్ల నొక్కడం ఆయన పని. అందులో తుపాకీ మందు తూచి పోసి, పైన గుండు బిగించడం ఆమె పని. ఇరవై తూటాలు పట్టే ప్లాస్టిక్ పెట్టెలో ఎడమ మూల నుంచి వరసగా, రాత రాసినట్టు సర్దేది. ఆమె చేసిన తూటాలు ఒకే చిల్లులోంచి పోతున్నాయని సామ్యూల్ ఆఫీసులో చెప్పుకునేవాడు. ఇంట్లో చెప్పేవాడు కాదు. మగవాళ్ల మెప్పుదల ఎప్పుడూ పరాయి ఇంట్లోనే వినాలి.

బెంచీ మీద పొగరంగు ప్లాస్టిక్ గొట్టం ఒకటి నిలువుగా ఉండేది. డబ్బాలోని మందు దాని నిండా పోసి పిడి తిప్పితే, ఒక తూటాకి సుమారుగా సరిపడేంత కిందికి జారుతుంది. దాన్ని త్రాసులో వేసి సరిచేసుకోవాలి. పని అయిపోగానే గొట్టంలో మిగిలిన మందంతా తిరిగి దాని డబ్బాలో పోసేయాలని సామ్యూల్ మొదటి రోజే చెప్పాడు. విమల పోసేసేది, అడుగున ఒక్క పిడికెడు తప్ప.

ఆ పిడికెడు వాళ్లమ్మ నేర్పినది. బియ్యం డబ్బా అడుగు కనపడకూడదు. ఎంత కటకటగా ఉన్నా పిడికెడు గింజలు ఉంచి, కొత్త బియ్యం వాటి మీదే పోయాలి. అడుగంటా ఊడ్చిన ఇంట్లో మళ్లీ నిండదంటారు. ఇది ఆలోచించి చేసే పని కాదు, చేతికి అబ్బిన పని. బియ్యం డబ్బాకైనా, ఉప్పు జాడీకైనా, గ్యారేజీలో గొట్టానికైనా ఆ చేయి అదే చేసింది. ఇంట్లో ఒకే రకం మందు వాడినన్నాళ్లూ నష్టమేమీ లేకపోయింది.

ఆ యేడు సామ్యూల్ రెండో రకం తెచ్చాడు. మెత్తని సీసపు గుండ్లతో, తక్కువ దెబ్బతో గురి అలవాటు చేసుకోవడానికి. దానికి ఆమె చిన్న మందు అని పేరు పెట్టింది. వేటకి వాడేది పెద్ద మందు. పేరుకి చిన్నదే గాని గుణానికి అది గయ్యాళిది. చప్పున, ఒక్కసారిగా మండుతుంది. అందుకే చిటికెడు చాలు. పెద్ద మందు నిదానంగా మండుతుంది, అందుకే తూటా గొట్టం నిండా పోస్తారు. గురువారం సాయంత్రం ఆమె చిన్న మందుతో పది తూటాలు చేసింది. మిగిలింది డబ్బాలో పోసి, యథాప్రకారం పిడికెడు ఉంచింది. శనివారం పెద్ద మందు డబ్బా తెరిచి, గొట్టంలో దాని మీదే పోసి, ఎలుగుబంటి వేటకి ఇరవై తూటాలు చేసింది.

ఆదివారం పొద్దుటి ఆరాధన కాగానే సామ్యూల్ తూర్పు తీరం వైపు బయలుదేరాడు. ప్లిమత్ అనే ఊరు దాటాక, కాలువల మధ్య బురద అడవికి ఆనుకుని హాలోవెల్ అనే ముసలి రైతు పొలం ఉంది. వేట సోమవారం తెల్లవారుజామున. ఆదివారం వేట నిషేధం. కాని వెళ్లగానే చీకటి పడకముందే ఆ పొలంలో మట్టిగట్టుకి పలక ఆనించి, రెండు మూడు పేల్చి గురి చూసుకుంటానని వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

ఒంటిగంటకి విమల సాయంత్రం ప్రార్థన కూటానికి పులిహోర చేద్దామని బియ్యం డబ్బా తీసింది. సాయం వచ్చిన దీనమ్మ చింతపండు పిసుకుతోంది. భీమవరం మనిషి, కూటంలో అందరికంటే పెద్దది. విమల డబ్బాలోంచి బియ్యం తోడింది. నాలుగో గ్లాసు దగ్గర, అడుగున పిడికెడు ఉండగా చేయి దానంతట అదే ఆగింది.

ఆ చేతి వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటే, పురుగు పట్టిందా?" అంది దీనమ్మ.

విమల గ్యారేజీలోకి పరుగెత్తింది. గొట్టంలో నిన్న మిగిల్చిన పిడికెడు ఉంది. తెల్ల కాగితం మీద దులిపి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది. అంతా పెద్ద మందే, చిన్న చిన్న పుల్లముక్కల్లాగా. వాటి మధ్య అక్కడక్కడ గసగసాల్లాంటి నల్లని నలకలు. గొట్టం గోడలకి అంటుకుని ఇప్పుడు రాలినవి.

అంటే గురువారం నాటి పిడికెడు ముందే కిందికి జారిపోయింది. అడుగున ఉన్నదే కదా మొదట దిగేది. సన్న నలకలు దట్టంగా సర్దుకుంటాయి కాబట్టే నిన్న మొదటి మూడు నాలుగు సార్లు త్రాసు ఎక్కువ చూపించింది, అది అప్పుడు గుర్తుకొచ్చింది. కొత్త డబ్బా కాబోలు అనుకుని చెంచాతో కాస్త కాస్త తీసేసి ముల్లు సరిగ్గా గీత మీద నిలబెట్టింది. తూకం వెంట్రుకవాసి తప్పలేదు. తప్పింది మందు. చిటికెడు పోయాల్సిన చోట తూటా నిండా పోసింది. కళ్లజోడుంటే ఆ క్షణంలోనే కనిపించి ఉండేది.

అది పేలితే ముందుకు పోయేది గుండు ఒక్కటే కాదు. తుపాకీ పగిలి వెనక్కొస్తుంది. దాని మీద ఆనించి ఉండేది ఆయన చెంప. ఎడమ మూల నుంచి మొదటి నాలుగు. ఆయనా పెట్టె తెరిస్తే ఎడమ మూల నుంచే కదా తీస్తాడు.

హాలోవెల్ ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. రైతు ఇంట్లో ఉంటే కదా, ఎత్తడానికి.

"దీనమ్మక్కా, ఈ నంబరు తిప్పుతానే ఉండు. ఎవరెత్తినా సామ్యూల్‌ని గన్ ముట్టుకోవద్దను. ఇంకేం చెప్పొద్దు, అదొక్కటే చెప్పు."

"నువ్వెక్కడికే?"

"వెళ్తన్నా."

"హైవే మీదా? నువ్వా?" దీనమ్మ చింతపండు చేతులతోనే లేచింది. "ప్రభువు చూసుకుంటాడే, కాస్త కూర్చో."

ప్రభువు చూసుకుంటాడు, నిజమే. త్రాసు చూడాల్సింది మాత్రం తాను. ఆ మాట పైకి అనలేదు. అంటే ఏడుపొస్తుందని తెలుసు.

ఆసుపత్రికీ, కూరగాయల షాపుకీ తప్ప వెళ్లని ఆ పాత డాట్సన్ కారు, అరవై నాలుగో నంబరు రోడ్డెక్కింది. ఆయన గంట ముందున్నాడు. మూడు గంటలకి చేరతాడు, తాను నాలుగుకి. ఆ మధ్య గంటలో ఏమైనా కావచ్చు. దుంగల లారీలు ఒరుసుకుంటూ పోతుంటే స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుంది. అలా పట్టుకునే లారీలను దాటింది. దారిలో దూరపు బోర్డులన్నీ తేటగా కనిపించాయి. ఆమెకి కనిపించనిదల్లా దగ్గరిదే.

ప్రార్థన చేద్దామని చూసింది. ఆయన చెంపే కళ్ల ముందు మెదిలింది. ఎడంపక్క గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడూ నాలుగు వెంట్రుకలు వదిలేసే చెంప. పదిహేనేళ్లుగా దాని గురించి సాధిస్తూనే ఉంది. ఇక జన్మలో సాధించను, ఆ చెంప ఉంటే చాలు అనుకుంది.

ప్లిమత్‌లో కాగితం మిల్లు వాసన దాటి, కాలువ వెంట మట్టిరోడ్డులోకి తిరిగింది. రెండు వైపులా నల్లటి నీళ్లు, రెల్లు. అచ్చం నరసాపురం గట్ల మీద పోతున్నట్టే ఉంది. అద్దం దించింది. దించీ దించగానే తుపాకీ పేలింది.

కారు దానంతట అదే ఆగినట్టయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కేక వినబడుతుందేమోనని విన్నది. కేక లేదు. మాట లేదు. రెల్లులోంచి పిట్టలు లేచిపోయిన చప్పుడు తప్ప ఏమీ లేదు. కేక లేకపోవడం మంచికో చెడుకో తెలియక, అంతకంటే ఎక్కువ భయపడింది. ఇంకా అరమైలు ఉంది. ఆ అరమైలు ఎలా నడిపిందో తరవాత ఎంత అడిగినా చెప్పలేకపోయింది.

ట్రాక్టరు షెడ్డు పక్కన బల్ల మీద రైఫిల్ ఉంది. దాని వెనక సామ్యూల్ నిలబడి, చెవుల్లోంచి దూది తీస్తున్నాడు. హాలోవెల్ మట్టిగట్టు దగ్గరి పలకలో వేలు పెట్టి చూస్తున్నాడు. డాట్సన్‌లోంచి దిగిన భార్యను చూసి సామ్యూల్ మొహం పాలిపోయింది.

"విమలా? ఎవరికేమైంది?"

ఆమె వచ్చి ఆయన చెంపని రెండు చేతులతో పట్టుకుంది. హాలోవెల్ అటు తిరిగాడు.

"ఏ తూటా కాల్చారు?"

"నీవే. రెండు కాల్చా, రెండూ ఒకే చోట పడ్డాయి. ఎందుకు?"

"పెట్టెలో ఎక్కడివండీ? ఏ వైపువి?"

"చివరివి. కుడి మూలవి." ఆయన కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "మొదటివి కాల్చనుగా. మొదట్లో నీ కన్నూ చెయ్యీ అలవకుండా ఉంటాయి, అప్పుడు చేసినవే బాగా కుదురుతాయి. ఆ నాలుగూ రేపు ఎలుగుబంటి కోసం తీసి పెట్టా."

చొక్కా జేబు మీద తట్టి చూపించాడు. నాలుగు తూటాలూ రుమాల్లో చుట్టి, ఎడంపక్క గుండె మీద.

విమల అక్కడే మట్టిలో కూలబడి చెప్పింది. బియ్యం డబ్బా, పిడికెడు, త్రాసు ఎక్కువ చూపించడం, కళ్లజోడు, అన్నీ చెప్పింది. సామ్యూల్ రుమాలు విప్పి, నాలుగు తూటాలూ హాలోవెల్ ముందు పెట్టి, ఇంగ్లీషులో సంగతి చెప్పాడు. హాలోవెల్ షెడ్డులోంచి సుత్తిలాంటి పనిముట్టు తెచ్చి, తూటాల్లోంచి గుండ్లు ఊడగొట్టి, మందు రుమాలు మీద పోశాడు. మొదటి దాంట్లో అంతా గసగసాలే. రెండో దాంట్లోనూ అంతే. మూడోది సగానికి సగం. నాలుగోదాంట్లో పుల్లముక్కల మధ్య కొన్ని నలకలు. ముసలాయన రుమాలు వైపు చూసి, రైఫిల్ వైపు చూసి, టోపీ తీసేశాడు. సామ్యూల్ వెళ్లి భార్య పక్కనే మట్టిలో కూర్చున్నాడు. ఆ యేడు ఎలుగుబంటి జోలికి ఎవరూ పోలేదు.

ఆ వారమే ఆమెకి కళ్లజోడు వచ్చింది. ముసలమ్మ అని ఎవరూ అనలేదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగున పిడికెడు మాత్రం అలాగే ఉండేది. దాన్ని ఊడ్చేయడానికి ఆమెకి మనసొప్పలేదు.

గ్యారేజీలోకి ఏడాది దాకా అడుగు పెట్టలేదు. మరుసటి నవంబరులో సామ్యూలే కుర్చీ తుడిచి, "నువ్వు చేస్తేనే వెళ్తా, లేకపోతే మానేస్తా," అన్నాడు. విమల జోడు పెట్టుకుంది. గొట్టం బోర్లించి మూడుసార్లు తట్టింది. బల్ల మీద ఏమీ రాలలేదు. దాన్ని ఆయన ముందుకు చాచింది.

ఆయన దాని వంక చూడకుండానే, "ఖాళీయేలే, నాకు తెలుసు నీ పని," అన్నాడు.

ఆమె చెయ్యి దించలేదు.

"చూసి చెప్పండి," అంది.