నేలను వినే ఎలెమా

మా కలచా ఊళ్లో ఎలెమా అంత పిరికివాడు ఇంకొకడు లేడు. ఒంటె తుమ్మినా ఉలిక్కిపడతాడని పిల్లలు కూడా ఏడిపించేవాళ్లు. ఇరవై ఏళ్లుగా మా దవాఖానా జీపు నడుపుతున్నాడు. చల్బీ ఎడారిలోకి దిగే ముందు టైర్లలో సగం గాలి తీసేస్తాడు, నాలుగు చక్రాల గేరు వేస్తాడు, ఆపైన తల కిటికీ బయట పెట్టి నడుపుతాడు. అక్కడి ఉప్పునేల ఎండి ఉంటే గుడ్డుపెంకులు తొక్కినట్టు చిటపటమంటుంది. చప్పుడు ఆగిందంటే పైపొర కింద బురద ఉన్నట్టే. అక్కడ బండి ఆపితే ఇక లేవదు. పోయిన వానలకు టీ కాచుకుందామని ఆగిన లారీకి ఇప్పుడు పైకప్పు ఒక్కటే కనిపిస్తుంది.

నేను ఆ దవాఖానాలో నర్సుని. ఎలెమా నెమ్మది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఉదయం తూయె అనే అమ్మాయి నొప్పులతో వచ్చింది. తొలి కాన్పు, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. ఎడారికి అవతల ఉన్న మర్సబిట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లక తప్పదు. కొండల మీద వానపడి నాలుగు రోజులే అయింది, ఆ నీళ్లు దిగేది చల్బీలోకే.

"చుట్టూ తిరిగి పోదామమ్మా," అన్నాడు ఎలెమా.

"రేపటికి చేరతాం. అప్పటిదాకా ఈ పిల్ల ఉంటుందా?"

ఎలెమా టైర్ల గాలి తీశాడు. తూయె నొప్పుల మధ్యే నవ్వింది. "కనేది నేనైతే చెమటలు నీకెందుకు బాబాయ్?"

"కాసేపు నోరు మూసుకో తల్లీ, నేల వినబడాలి."

సగం దూరం వెళ్లాక చిటపట ఆగిపోయింది. బండి వెనకభాగం పక్కకి జారింది. సరిగ్గా అప్పుడే బిడ్డ ఎదురుకాళ్లతోనే బయటికొచ్చింది. ఒళ్లంతా నీలం. చలనం లేదు.

"బండాపు! బిడ్డకి ఊపిరి పొయ్యాలి, ఈ కుదుపుల్లో కుదరదు!" అని అరిచాను.

"ఆపితే నలుగురం పోతాం."

"ఒక్క నిమిషం బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా," అని తూయె ఏడ్చింది.

"ఆపను."

వాడి వీపు మీద పిడికిళ్లతో బాదాను. రాతిగుండెవాడా అని తిట్టాను. వాడు తల ఇంకా బయటికి వంచాడు, జీపు వేగం తగ్గలేదు. చేసేదేం లేక బిడ్డ మూతికి నా నోరు ఆనించి ఊదాను. కుదుపుకి నా పన్ను తగిలి దాని ముక్కు మీద నెత్తురు చిమ్మింది. మళ్లీ ఊదాను. ఎన్నిసార్లో తెలియదు. నా బతుకులో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

చివరికి బిడ్డ చిన్నగా దగ్గింది. ఆ తర్వాత ఏడుపు అందుకుంది. తూయె నేనూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఎలెమా మాత్రం తల లోపలికి పెట్టలేదు, వెనక్కి తిరిగి ఒక్కమాట అడగలేదు. మనిషేనా వీడు అనుకున్నాను.

అరగంటకి మైకోనా ఊరి దగ్గర గట్టి నల్లరాళ్ల నేల తగిలింది. అప్పుడు ఆపాడు. స్టీరింగు మీంచి వేళ్లు రాలేదు, ఒక్కొక్కటే నేనే విడదీశాను. నా చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఎలెమా అటు చూడనే లేదు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు.

"ఏది?"

"బిడ్డ. నేను ఆపనన్నాక ఎంతసేపు ఉంది?"

ఆపనన్న క్షణం నుంచీ ఆ చెవుల్లోకి నేల చప్పుడు తప్ప ఇంకేదీ వెళ్లలేదు. బిడ్డని తీసి వాడి చెవికి ఆనించాను.