పంపేముందు పేరు చెప్పమన్న సరోజిని

“నేనీ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నువ్వు పలక కూడా పట్టలేదు. నా ఇంట్లో నేనెవరో నీ కంప్యూటర్ డబ్బాకి చెప్పుకోవాలా?”

“మీరెవరో నాకు తెలుసు అక్కయ్యగారూ. దానికి తెలియదండి.”

“అయితే నన్ను అడగొద్దని చెప్పు.”

“మిమ్మల్ని వదిలేస్తే రేపు అందరూ వదిలేయమంటారండి.”

నిన్న ఫోను టింగుమని పాస్‌వర్డ్ అడిగేసరికి, మా తోడికోడలు సరోజినితో పడిన ఈ గొడవ పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లయింది.

కడియంలో మాది పూలమొక్కల నర్సరీ. అంట్లు కట్టడం నుంచి లారీకెక్కించడం దాకా ముప్పై ఏళ్లు నా మాటే చెల్లింది. నేను చదివింది నాలుగో తరగతి. సరోజిని డిగ్రీ చదివింది. ఊళ్లోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో మా వీధిగదిలో ఇంటర్‌నెట్ సెంటర్ పెట్టింది. చుట్టుపక్కల నర్సరీల మెయిళ్లన్నీ ఆమె సర్వర్ మీదుగానే పోయేవి. అంతవరకూ నాకోసం వచ్చేవాళ్లు గుమ్మంలోనే ఆగి “మేడమ్ గారున్నారాండి?” అనడం మొదలుపెట్టారు. ఆ మేడమ్ నేను కాదు. వాళ్లకి కాఫీ మాత్రం నేనివ్వాలి. పాలు తగ్గించి ఇచ్చేదాన్ని.

కొన్నాళ్లకి ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో మా సర్వర్ మీదుగా వేలకొద్దీ చెత్త మెయిళ్లు పంపారు. దాంతో బయటివాళ్లు మా సర్వర్‌నే అడ్డుకునేసరికి మా అసలు మెయిళ్లు కూడా తిరిగొచ్చేవి. అప్పుడు సరోజిని కట్టుబాటు పెట్టింది. వచ్చే మెయిల్ ఎప్పటిలా వస్తుంది. బయటికి పంపాలంటే మాత్రం ఎవరి పేరూ పాస్‌వర్డూ వాళ్లు కొట్టాలి. గొడవ దాని గురించే. చివరికి నేనూ ఒకటి పెట్టుకున్నాను.

అయితే పాస్‌వర్డ్ కోసం ఊరంతా ఆమె ముందు వరస కట్టడం చూడలేకపోయాను. పాత క్యాలెండర్ కాగితాలు చింపి, నా పేరూ పాస్‌వర్డూ రాసి ఏడుగురికి పంచాను. “ఆవిడ దాకా ఎందుకు, నాది వాడుకోండి” అన్నాను. “మీ మనసు ఎంత పెద్దదండీ!” అన్నారు. ఆ వారం రోజులూ నాకు అన్నం రుచిగా ఉంది.

తర్వాత ఒక మధ్యాహ్నం బెంగళూరు తోటకి పంపిన మొక్కల జాబితా తిరిగొచ్చింది. మర్నాడు పదింటిలోగా అందకపోతే, ఆ ఏడాది మొత్తంలోకీ పెద్ద ఆర్డరు వేరేవాళ్లకి పోతుంది. సరోజిని సర్వర్‌లో వెతికి, “ఒకే పేరు మీద వేల చెత్త మెయిళ్లు వెళ్లాయి” అంది.

“ఎవరిది?” అన్నాడు మా మరిది, సరోజిని భర్త.

“అక్కయ్యగారిదండి.”

“వదిన పేరు తీసిపారెయ్!”

“నలుగురిలో నన్ను పట్టించావు కదే” అన్నాను.

“మీ పేరు దాస్తే మిగతా అందర్నీ అనుమానించాలండి. చీటీలు ఎవరెవరికిచ్చారో చెప్పండి.”

చెప్పాను. వాళ్లలో ఒకాయన ఆ చీటీని రాజమండ్రిలో ఏదో నెట్ సెంటర్ కంప్యూటర్‌కే అంటించి వచ్చాడట. సరోజిని నా పాత పాస్‌వర్డ్ రద్దు చేసి, బెంగళూరులో కంప్యూటర్లు చూసే ఆయనకి ఫోన్ చేసి, మా మెయిల్ మళ్లీ రానివ్వడానికి ఒప్పించింది. నేను అలిగి అన్నం మానేశాను.

ఇప్పుడు నా పాస్‌వర్డ్ మనవరాలికైనా చెప్పను. నువ్వెవరని అడిగితే చిన్నతనంగానూ అనుకోను. ఇవి ఆమె దగ్గర నేర్చినవే. అలాగని కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఆమె పెద్దకర్మ నాడు భోజనాల్లో బంతి మీద బంతి లేస్తుంటే, నాకింతమంది వస్తారా అని లెక్కపెడుతూ కూర్చున్నాను.

అలిగిన మర్నాడు పొద్దున్నే సరోజిని నాకు కుర్చీ వేసింది. నా పేరు తీసేయలేదు. “కొత్త పాస్‌వర్డ్ కొట్టండి, నేను చూడను” అని గోడవైపు తిరిగి నిలబడింది. ఒంటివేలితో అక్షరాలు వెతుక్కోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తిరగలేదు. తర్వాత జాబితా నా పేరు మీదే పంపించింది. తొమ్మిదిన్నరకి అందిందని బెంగళూరు నుంచి జవాబు వచ్చింది.