ఆలస్యానికి కారణం
కొండ కనుమ ఎక్కేముందు టొక్తోసున్ లారీ చుట్టూ తిరిగి, చక్రాలన్నీ తన్ని చూసి, దువా చేసి అరచేతులతో ముఖం తుడుచుకునేవాడు. అతని సరుకు ఆలస్యమైందన్న మాట ఎన్నడూ లేదు. ఆ రోజు మాత్రం లారీలోని టమాటాలు చలికి గడ్డకట్టాక బిష్కెక్ నగరం చేరాడు. దారిలో బోల్తాపడ్డ లారీ కింద నలిగిన కుర్ర డ్రైవర్ మెలిస్ చేయి పట్టుకుని, ప్రాణం పోయేదాకా మంచులోనే కూర్చున్నాడు.

కబురు విని మెలిస్ తల్లి బూరుల్ అప్పటికే లారీల ఆఫీసుకు వచ్చి ఉంది. "నా బిడ్డ బాధపడ్డాడా, అన్నా?"

"లేదమ్మా. నేను దిగి చూసేసరికే పోయాడు."

లారీలు పంపే ఐనురా గొంతు తగ్గించింది. "మరి ఇంతసేపూ ఎక్కడున్నావన్నా? కారణం చెప్పకపోతే నష్టమంతా నీ నెత్తిన వేస్తారు."

టొక్తోసున్ బూరుల్ వైపు చూడలేక ఉన్నిటోపీ నలుపుతూ నిలబడ్డాడు. "బండి పక్కకి ఆపి నిద్రపోయానమ్మా. నా తప్పే."