దేవుడు చూసిన వేలిముద్ర

మంగళవారం దీపం పెట్టి లేస్తుంటే చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఎదురింటి బాబాయి నిద్దర్లోనే ఎల్లిపోయారు."

ద్వారకా నగర్‌లో మెట్ల కింద చిన్న గదిలో ఏళ్ల తరబడి నోటరీగా కూర్చున్న మనిషి. రక్తసంబంధం లేని బాబాయి. కళ్లు తుడుచుకుంటూ ఉంటే ఒక పాత ఉదయం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ రోజు అమ్మ తన ఇల్లు చెల్లెలికి ఇచ్చేయాలనుకుంది. అమ్మను చూసుకునేది అదే. దానికి వేరే నీడ లేదు. వీధిలో జాలరిపేట ఆమె "సేపలమ్మా" అని కేక వేస్తోంది. మంచి ఘడియ దాటిపోతుందని, ఇల్లు చెల్లెలికి ఇస్తున్నట్టు రాసిన కాగితానికి నేను నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి ముందే అమ్మ చేత వేలిముద్ర వేయించేశాను. ఇక బాబాయి సీలు పడితే ఇల్లు చెల్లెలిదే అనుకున్నాం.

ఎదురింటికి పట్టుకెళ్తే బాబాయి కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివారు.

"ఏలిముద్ర ఎప్పుడేసింది మీయమ్మ?"

"ఇప్పుడే, దేవుడి ముందు."

"దేవుడు సూశాడు, కాదన్ను. నాను సూళ్లేదు కదా."

"రోజూ అమ్మ చేతి కాఫీ తాగుతారు. అమ్మని ఎరగరా ఏటి?"

"మీయమ్మని ఎరుగుదును. ఈ ఏలుని ఎరగను."

అలా అని ఊరుకోలేదు. మోకాళ్ల నొప్పులతో కదల్లేని అమ్మ దగ్గరికి ఆయనే వచ్చారు. మమ్మల్ని వంటింట్లోకి పంపేశారు.

"వదినా, ఇష్టంగానే ఇత్తన్నారా? పిల్లలు తోసేరా?"

"నన్ను తోసేవి ఈ మోకాళ్లే బాబూ."

ఆయన నవ్వు వంటింటిదాకా వినిపించింది. సీలు మాత్రం వేయలేదు. మమ్మల్ని పిలిచి చెప్పారు.

"నాను సీలేసినా ఇల్లు సేతులు మారదమ్మా. రేపెవరైనా కాదంటే మీ సెల్లి రోడ్డున పడతాది. గిఫ్టు డీడు రాయించి రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టండి."

"మరి మీ సీలెందుకు బాబాయ్?"

"సూసింది సూశానని సెప్పడానికి. అంతే."

ఆ వారమే అమ్మను ఆటోలో ఆయనే తీసుకెళ్లి రిజిస్టర్ చేయించారు. అమ్మ పోయాక కూడా చెల్లెలు ఆ ఇంట్లో నిశ్చింతగా ఉంది.

ఆ మంగళవారం సాయంత్రం నేను వెళ్లేసరికి చెల్లెలు దేవుడి పటం వెనక నుంచి ఆ మొదటి కాగితం తీసింది. ఎప్పుడో పారేశామనుకున్నాను.

"ఇది సెల్లదు కదా వదినా" అన్నాడు చెల్లెలి భర్త.

"సెల్లదు" అన్నాను. ముగ్గురం నవ్వాం.

దాన్ని పటం వెనక కాదు, ముందు పెట్టాం. పసుపు మూలల మధ్య అమ్మ నీలం వేలిముద్ర. పక్కన బాబాయి సీలు వేయకుండా వదిలిన చోటు. అక్కడ దీపం వెలుగు పడుతోంది.